మేలు చెయ్యడానికి వచ్చినవాళ్ళు

పిలవని పేరంటానికి వెళ్ళకూడదంటారు మన పెద్దవాళ్ళు. వెళితే పసుపూ కుంకుమా ఇవ్వరనా? ఎందుకివ్వరూ, ఇస్తారు. గుమ్మం దాకా వచ్చిన ముత్తయిదువని వట్టి చేతులతో పంపే ఇల్లాలు ఎక్కడా ఉండదు. మరెందుకు వద్దన్నారంటే, పిలవకుండా వెళ్ళినందువల్ల ఆ ఇంటివాళ్ళకి ఒక స్వతంత్రం పోతుంది. ఎవర్ని పిలవాలో, ఎవర్ని పిలవకూడదో తామే అనుకునే స్వతంత్రం. చాలా చిన్నదే. కానీ ఇలాంటి చిన్న స్వతంత్రాలు పోయిన ఇంట్లో పెద్దవి నిలవడం నేనైతే చూడలేదు.

పేరంటం సంగతి అలా ఉంచండి. పిలవకుండా మేలు చెయ్యడానికి వచ్చేవాళ్ళ మాటేమిటి?

కొత్తకోడలు వేరే కాపురం పెట్టి వారం తిరక్కుండానే పక్కింటి పిన్నిగారు వస్తుంది. పోపులపెట్టె ఎక్కడుండాలో, పాలు ఏ గిన్నెలో కాచాలో చెబుతుంది. చెప్పడంతో ఆగదు, తనే సర్దిపెట్టి మరీ వెళుతుంది. ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. సర్దడం కూడా చక్కగానే సర్దింది. అయినా ఆవిడ వీధి దాటగానే కొత్తకోడలు డబ్బాలన్నీ మళ్ళీ మొదటిచోటికే మార్చేసుకుంటుంది. ఆ పిల్లకి పొగరనుకుంటాం గానీ, పొగరు కాదు. అది తన వంటిల్లు.

వంటింటి సంగతి కనక నవ్వుకుని ఊరుకుంటాం. ఇదే దేశాల మధ్య, మతాల మధ్య జరిగినప్పుడు నవ్వుతో పోదు. ఒక మనిషి తనకి మంచిదని తోచినదాన్ని పట్టుకుని వేల మైళ్ళు దాటి వస్తాడు. అవతలివాళ్ళు దాన్ని అడగలేదు. వచ్చినవాడు దుర్మార్గుడూ కాదు, తన ప్రాణం కూడా లెక్కచెయ్యని మనిషి. అలాంటివాణ్ణి మెచ్చుకోవాలా, నిలదీయాలా?

ఈమధ్య ఒక నవల కోసం మా విశాఖపట్నం పాత చరిత్ర తిరగేస్తుంటే ఇద్దరు పాద్రీల కథ తగిలింది. ఆ వెంబడే, వాళ్ళకి ఒక ముప్ఫయ్యేళ్ళ తరవాత అమెరికాలో పడమటి సరిహద్దు సీమకి వెళ్ళిన మరొక పాద్రీ కథ కూడా చదివాను. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, నా ప్రశ్నకి పూర్తి జవాబు కాకపోయినా సగం జవాబైనా దొరికినట్టనిపించింది. ఆ సగమే మీతో చెబుదామని.

సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి పిలవని చుట్టాలు ఎక్కువ. మా ఊరి ఓడరేవు 1933లో తెరిచారు గానీ, అంతకు ఎన్నో ఏళ్ళ ముందునించీ ఇక్కడ ఓడలు లంగరు వేస్తూనే ఉన్నాయి. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 17వ శతాబ్దంలోనే వచ్చి గిడ్డంగి పెట్టుకున్నారు. ఇవాళ రేవు ముఖద్వారం దగ్గర నిలబడితే ఒకపక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, రెండోపక్క మూడు చిన్న కొండలూ కనిపిస్తాయి. ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మేరీమాత చర్చి. ఊరికి కొత్తగా ఎవరొచ్చినా మేమంతా గర్వంగా చూపించే దృశ్యం అది. మూడూ పక్కపక్కనే ఉన్నాయి కదా అని, మొదటినించీ అలాగే ఉన్నాయనుకోకూడదు. ఒక్కొక్కటీ వచ్చి నిలదొక్కుకోవడానికి ఒక్కొక్క కథ.

1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం చేరారు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చినవాళ్ళు. ఆ రోజుల్లో కంపెనీ ప్రభుత్వానికి పాద్రీలంటే గిట్టేది కాదు. వ్యాపారం సాఫీగా సాగుతుంటే మధ్యలో మతం మాటెత్తి జనాన్ని రెచ్చగొడతారేమోనని భయం. మర్నాటి ఏడు, 1806లో, వేలూరులో సిపాయిలు తిరగబడ్డాక ఆ భయం మరీ ముదిరింది. అందుకే ఈ ఇద్దరూ డెన్మార్కు వెళ్ళి, కోపెన్‌హేగన్‌లో ఓడెక్కి, అప్పట్లో డెన్మార్కువాళ్ళ చేతిలో ఉన్న తరంగంబాడిలో దిగి, అక్కణ్ణించి మన తీరానికి వచ్చారు. ఇక్కడి జనం వాళ్ళని రమ్మనలేదు. ఏలే కంపెనీకి వాళ్ళు రావడం ఇష్టమూ లేదు. పిలవని పేరంటమంటే ఇంతకంటే ఏముంటుంది?

వాళ్ళని పంపిన సొసైటీ గురించి ఒక్క మాట చెప్పాలి. అది 1795లో పుట్టింది. ఇంగ్లండు, స్కాట్లండుల్లో కూడా క్రైస్తవులంతా ఒకే కట్టు కాదు. బిషప్పుల పెత్తనం కింద నడిచే చర్చి ఒకటి. బిషప్పు లేకుండా సంఘం పెద్దలు నలుగురూ కూర్చుని నడుపుకునే ప్రెస్బిటేరియన్ చర్చి ఒకటి. మన ఊరి పెద్దల కూటమి లాంటిదనుకోండి. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే, పైన ఎవరి అజమాయిషీ అక్కర్లేదనేవాళ్ళు ఇంకొకరు. ఈ రకరకాలవాళ్ళూ కలిసి పెట్టుకున్న సొసైటీ కనక 1796లో ఒక నియమం రాసుకున్నారు. మనం వెళ్ళినచోట మన మన చర్చి పద్ధతుల్ని రుద్దకూడదు, అక్కడ నమ్మినవాళ్ళు తమకి తోచిన పద్ధతి తామే పెట్టుకుంటారు అని. గమనించారా? మతం తెస్తాం గానీ, దాన్ని ఎలా నడుపుకుంటారో మీ ఇష్టం అన్నారన్నమాట. కొత్తకోడలి చేతికి పోపులపెట్టె ఇచ్చి, ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టమమ్మా అన్నట్టు. పూర్తి స్వతంత్రం కాదనుకోండి. అయినా మా పిన్నిగారి కంటే ఒక మెట్టు పైనే.

వచ్చారు సరే, వాళ్ళకి తెలుగు రాదు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది 1814లో. క్యాంబెల్‌ది 1816లో. బ్రౌను దొరగారి నిఘంటువు కావాలంటే 1852 దాకా ఆగాలి. కనక 1805లో తెలుగు కావలసిన దొరకి ఉన్న దారి ఒకటే. తెలుగు తెలిసినవాడి ముందు కూర్చోవడం. అ ఆలు దిద్దడం. ణ, ళ నోరు తిరక్క అవస్థ పడడం. వేల మైళ్ళ దూరం నించి బోధించడానికి వచ్చిన మనిషి ముందుగా బడిపిల్లాడు కావలసి వచ్చింది. ఆ తిప్పలు మీరే ఊహించుకోండి.

వాళ్ళకి ఆసరాగా దొరికిన మనిషి ఆనందరాయరు. మరాఠీ బ్రాహ్మణుడు, అప్పటికే క్రైస్తవం పుచ్చుకున్నవాడు, తెలుగు తెలిసినవాడు. ఆయన సాయంతో డెస్ గ్రాంజెస్ మత్తయి, మార్కు, లూకా సువార్తల్ని తెలుగులో పెట్టాడు. ఎవరిది ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. రాతపని చేసేవాళ్ళకి తెలుసు, మాట మనది కానప్పుడు మాట అందించినవాడు కూడా రచయితే. అయినా ఇలాంటి పుస్తకాల అట్టమీద రెండో పేరు కనిపించడం అరుదు.

ఆ పుస్తకం అచ్చులో చూసుకునే రాత ఆ ఇద్దరికీ లేదు. క్రాన్ 1809లో పోయాడు. డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. వచ్చి అయిదేళ్ళు నిండీ నిండకముందే ఇద్దరూ వెళ్ళిపోయారు. 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో ఆ తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. వాళ్ళ తరవాత వచ్చిన ప్రిట్చెట్ కొత్త నిబంధన మొత్తం తెలుగులో పెడితే అది 1818లో మద్రాసులో అచ్చయింది. ఆ తరవాత 1840లో జాన్ హే వచ్చాడు. ఇంచుమించు అరశతాబ్దం ఈ ఊరితోనే పెనవేసుకుపోయి, తెలుగు బైబిలు దిద్దుతూనే ముసలివాడై, 1891లో పోయాడు.

మరి జనం ఏం చేశారు? బడి పెడితే బడికి వచ్చారు. ఇంగ్లీషు నేర్చుకున్నారు, లెక్కలు నేర్చుకున్నారు, గుమాస్తా ఉద్యోగాలు సంపాదించుకున్నారు. మతం దగ్గరికొచ్చేసరికి మాత్రం నమస్కారం పెట్టి ఇంటికెళ్ళిపోయారు. ఎన్నో ఏళ్ళ పాటు ఈ ఊళ్ళో క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళు బహు కొద్దిమంది. పాద్రీల లెక్కలో అది నిరాశే అయుండాలి. నాకు మాత్రం ఈ కథలో నచ్చిన సంగతి అదే. అవతలివాడు వద్దనగలిగాడు. వద్దన్నవాడి కొడుక్కి కూడా ఇవతలివాడు పాఠం చెప్పాడు.

ఒప్పుకున్నవాళ్ళు కూడా తమ తీరులోనే ఒప్పుకున్నారు. 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి అనే ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడయ్యాడు. గంజాం, శ్రీకాకుళం వైపు తిరిగిన మనిషి. ఆయన దొరల పాటల వరసకి తెలుగు మాటలు అతికించలేదు. మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టాడు. ఇవాళ్టికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిమీద రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. ఎవరో తెచ్చిన పోపులపెట్టె. పోపు మాత్రం మనది.

ఇక రెండో కథ. అదే 1803లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ స్పాల్డింగ్ పుట్టాడు. పెరిగి పెద్దవాడై ప్రెస్బిటేరియన్ పాద్రీ అయ్యాడు. 1836లో భార్య ఎలైజాని వెంటబెట్టుకుని, డాక్టరు మార్కస్ విట్మన్, ఆయన భార్య నార్సిసాలతో కలిసి, రాకీ పర్వతాలు దాటి పడమటి సీమకి వెళ్ళాడు. ఆ పర్వతాలు దాటిన మొదటి తెల్ల ఆడవాళ్ళు ఈ ఇద్దరు ఇల్లాళ్ళే. విట్మన్ దంపతులు కయ్యూస్ అనే జాతి మధ్య వయీలాట్పు అనేచోట ఇల్లు కట్టుకున్నారు. స్పాల్డింగ్ దంపతులు నెజ్ పెర్స్ అనే జాతి మధ్య లాప్‌వై అనేచోట స్థిరపడ్డారు.

ఇక్కడొక తమాషా ఉంది. వీళ్ళది పిలవని పేరంటం అనడానికి లేదు. 1831లో నెజ్ పెర్స్ జాతివాళ్ళు కొందరు ఎంతో దూరం ప్రయాణం చేసి సెయింట్ లూయిస్ పట్నం వెళ్ళారు. తెల్లవాళ్ళ దేవుడి సంగతి తెలుసుకోవడానికే వెళ్ళారని క్రైస్తవ పత్రికలు రాశాయి. ఆ వార్త చూసే మిషనరీలు ఉత్సాహంగా బయల్దేరారు.

స్పాల్డింగ్ ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. పొలం దున్నడం చూపించాడు, బంగాళదుంపలు నాటించాడు, పిండిమర కట్టించాడు, బడి పెట్టాడు. ఆ జాతివాళ్ళ భాష నేర్చుకుని, దానికి అక్షరాలు కుదిర్చాడు. 1839లో హవాయి ద్వీపాల నించి ఒక చిన్న అచ్చుయంత్రం వాళ్ళకి అందింది. దానిమీద ఆ భాషలో మొదటి వాచకాలు అచ్చు వేశాడు. తరవాత మత్తయి సువార్త కూడా అచ్చు వేశాడు. మన తెలుగులో మొదట వచ్చిన సువార్తల్లోనూ మత్తయి ఉన్నాడు, చూశారా! ఎలైజా బొమ్మలు గీసి బైబిలు కథలు చెప్పేది. ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ చేరేవారు.

ఇంతవరకూ చదివితే క్రాన్, డెస్ గ్రాంజెస్‌ల కథకీ దీనికీ తేడా కనిపించదు. తేడా అంతా ఆ తరవాతే. స్పాల్డింగుకి కోపం జాస్తి. తప్పు చేశారనుకున్నవాళ్ళని కొరడాతో కొట్టించేవాడు. 1842లో ప్రభుత్వ ప్రతినిధి ఒకాయన వచ్చి ఆ జాతికి చట్టం రాసిచ్చాడు. హత్య చేస్తే ఉరి, దొంగతనం చేస్తే కొరడా దెబ్బలు. ఆ చట్టం అచ్చయింది ఎక్కడనుకున్నారు? లాప్‌వైలో, అక్షరాలు నేర్పడానికి తెచ్చిన ఆ యంత్రం మీదే.

మరుసటి ఏడు, 1843లో, ఇంచుమించు వెయ్యిమంది తెల్లవాళ్ళు బళ్ళు కట్టుకుని పడమటికి వలస వచ్చారు. వాళ్ళకి దారిలో తోడున్నవాడు డాక్టరు విట్మన్. ఆ తరవాత ఏటేటా బళ్ళు వస్తూనే ఉన్నాయి. కయ్యూస్ పెద్దలు మా భూమికి మాకేమిస్తారని అంతకుముందే విట్మన్‌ని అడిగారు. ఆయన ఏమీ ఇవ్వలేదు. 1847లో వలసల వెంట తట్టు వ్యాధి వచ్చింది. డాక్టరు అందరికీ మందిచ్చాడు. తెల్ల పిల్లలు చాలామంది కోలుకున్నారు. ఆ రోగాన్ని ఎన్నడూ ఎరగని కయ్యూస్ పిల్లలు రాలిపోయారు. విషం పెడుతున్నాడనే అనుమానం పుట్టింది. వైద్యుడి చేతిలో రోగి చస్తే వైద్యుణ్ణి చంపే ఆచారం ఆ జాతిలో ఉంది. 1847 నవంబరు 29న విట్మన్‌నీ, నార్సిసానీ, మరికొందరినీ చంపేశారు. 1850లో అయిదుగురు కయ్యూస్ మగవాళ్ళని ఉరితీశారు. స్పాల్డింగ్ ఎలాగో తప్పించుకున్నాడు. ఎలైజానీ పిల్లలనీ నెజ్ పెర్స్ వాళ్ళే కాపాడారు. ఆ మంచితనం కూడా మరిచిపోకూడదు.

1860లో నెజ్ పెర్స్ భూముల్లో బంగారం బయటపడింది. 1863 ఒడంబడికతో వాళ్ళకి మిగిలిన సీమలో పదింట తొమ్మిది వంతులు చేజారిపోయింది. 1839లో స్పాల్డింగ్ చేతిమీదుగా బాప్తిస్మం పుచ్చుకున్న మొదటి ఇద్దరిలో ఒకడు టూయెకాకస్. జోసెఫ్ అని పేరు పెట్టారు. ఆ ముసలాయన ఈ ఒడంబడికమీద వేలు పెట్టలేదు. ఇన్నేళ్ళుగా దాచుకున్న సువార్త పుస్తకాన్ని చించేశాడని చెబుతారు. స్పాల్డింగ్ ముసలితనంలో మళ్ళీ అక్కడికే వెళ్ళి, వందలమందికి బాప్తిస్మం ఇచ్చి, 1874లో లాప్‌వైలోనే కన్నుమూశాడు. నెజ్ పెర్స్ వాళ్ళలో ఎంతోమంది ప్రెస్బిటేరియన్లుగానే ఉండిపోయారు. కనక అంతా వృథా అయిందనీ అనలేం. కానీ ఆ చించేసిన పుస్తకం మాత్రం నన్ను వదలడంలేదు.

ఆ జాతివాళ్ళు పిలిచిన మాట నిజమే అనుకుందాం. పిలిచారు గానీ, ఇల్లు రాసివ్వలేదు కదా! పిలుపన్నది ఒకరోజు తలుపు తీయడం. మర్నాడు ఆ తలుపు వేసుకునే హక్కు ఇంటివాళ్ళకే ఉండాలి.

ఇంతకీ మా ఊరికొచ్చిన పాద్రీలు గొప్పవాళ్ళనీ, అమెరికా పాద్రీ చెడ్డవాడనీ తేల్చడం నా ఉద్దేశం కాదు. డెస్ గ్రాంజెస్‌ని తీసుకెళ్ళి లాప్‌వైలో పెడితే ఆయన కథ ఎలా ముగిసేదో ఎవరు చెప్పగలరు? మా పాద్రీల వెనకాల బళ్ళు రాలేదు. కంపెనీకి కావలసింది శిస్తు. మనల్ని మన ఇళ్ళలోంచి ఖాళీ చేయించడం కాదు. మన జనం లక్షలు. మనకి దొరల రోగాలు అంత కొత్తా కాదు. వద్దని చెప్పి నిలబడగల బలం మనకి ఉంది. ఆ జాతులకి అది లేకుండా పోయింది. అంటే మేలు చేసేవాడి మంచితనం ఒక్క అతని చేతిలోనే లేదన్నమాట. అతని వెనకాల ఏం వస్తోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అడగడానికి వచ్చిన వామనుడే మూడడుగుల్లో లోకాలు కొలిచేశాడు. ఇవ్వడానికి వచ్చినవాడి వెనకాల ఎన్ని అడుగులున్నాయో అతనికే తెలియకపోవచ్చు. తెలుసుకోవడం మాత్రం అతని పనే.

ఫలంమీద ఆశ పెట్టుకోవద్దని మన పెద్దలు చెప్పారు. ఫలం ఎవరి పెరట్లో పడుతుందో చూసుకోవద్దని చెప్పలేదు.

అమెరికా దాకా ఎందుకు, మా ఊళ్ళోనే చూడండి. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని రాష్ట్రమంతా వీధికెక్కింది. తుపాకి కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. అడిగి, పోరాడి తెచ్చుకున్న మేలది. దానివల్ల ఎన్ని వేల ఇళ్ళలో పొయ్యి వెలిగిందో మాకు తెలుసు. కానీ ఆ కొలిమి కోసం ఊళ్ళకి ఊళ్ళే లేచిపోయాయి. చెరువులూ, జీడితోటలూ, అమ్మవారి గుళ్ళూ వదిలి లేచిన జనం వాళ్ళు. కొందరికి ఉద్యోగాలొచ్చాయి, కొందరు నిర్వాసితుల కార్డు పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగారు. హక్కని అరిచిన గొంతులు ఒకరివి, ఖాళీ చేసిన ఇళ్ళు మరొకరివి. ఉక్కు వద్దని నేననను. ఆ రోజు ఆ ఊళ్ళలో అరుగుమీద కూర్చుని, మీరేమంటారమ్మా అని ఎంతమంది అడిగి ఉంటారా అన్నది మాత్రం నాకు తెగని ఆలోచన.

ఇక్కడ మీలో ఎవరో ఒకరు నన్ను ఆపుతారని తెలుసు. పిలిచేదాకా ఎవరూ కదలకూడదంటే ఎలా? పిలిచే నోరే లేనివాళ్ళ సంగతేమిటి? నిజమే. 1874లో కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. రమ్మని ఏ ఆడపిల్ల కబురంపింది? 1881 డిసెంబరులో రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించారు. తలుపు వెనక గుడ్డుముక్కతో తల కప్పుకుని కూర్చున్న పసివాళ్ళకి ఉత్తరం రాసే చదువైనా లేదు కదా! పిలవనివాళ్ళు రాకపోయుంటే, ఇవాళ ఈ వ్యాసం రాస్తున్న నా చేతికి కలం వచ్చేదా? ఆడదాన్ని కనక ఈ సంగతి మరవడం నాకు సాధ్యం కాదు.

అందుకే, పిలిచారా లేదా అన్నది అసలు కొలత కాదని నాకు తోస్తుంది. పిలిచినా ద్రోహం జరగొచ్చు, పిలవకపోయినా ఉపకారం జరగొచ్చు. అసలు కొలత ఇంకొకటి. నువ్వు వెళ్ళిన తరవాత అవతలివాడి నోరు పెరిగిందా, తరిగిందా? నువ్వు చేసిన మేలువల్ల అతను నీకే ఎదురుచెప్పగలిగేట్టయ్యాడా? వీరేశలింగంగారి బడిలాంటి బళ్ళలో చదువుకున్న ఆడపిల్లల మనవరాళ్ళు, ఆయన మాటల్లో కొన్నింటిని కాదంటూ వ్యాసాలు రాశారు. ఆయన చేసిన మేలు నిజమైనదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మా ఊళ్ళో ఒక మహిళా సంఘంవాళ్ళు కొన్నేళ్ళ క్రితం ఒక జాలరిపేటకి వెళ్ళారు. పౌష్టికాహారం గురించి చెబుదామని పాలపొడి డబ్బాలూ, రంగుల బొమ్మలూ పట్టుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను, చూద్దామని. గంటసేపు చెప్పారు. జనం మర్యాదగా విన్నారు. ఆఖర్న ఒక ముసలమ్మ లేచి, "బాగా సెప్పేరమ్మా. అన్నీ మంచి మాటలే. తెల్లారగట్ల మేం రేవుకెళ్ళిపోతాం. సేపలమ్ముకొని వొచ్చీసరికి మద్దినేళవుతాది. అందాకా పిల్లల్ని సూసినోళ్ళు నేరు. ఆ పాలు కలిపి ఎవులు పోస్తారమ్మా?" అంది.

ఎవరికీ జవాబు తోచలేదు. వచ్చినవాళ్ళలో ఒకావిడ మాత్రం ఆ ముసలమ్మ పక్కన చాపమీద చతికిలబడి, "అయితే ఏం చేస్తే బాగుంటుందో నువ్వే చెప్పు మామ్మా" అంది. ఆ చెప్పడం చాలాసేపు సాగింది. నెల తిరిగేసరికి అక్కడొక గది తీసుకుని, పేటలోని ఇద్దరు ఆడవాళ్ళకే జీతమిచ్చి, పొద్దుటిపూట పిల్లల్ని చూసే ఏర్పాటు చేశారు. పాలపొడి డబ్బాలు ఆ గదిలోనే ఖర్చయ్యాయి. మామూలు సంగతే. కానీ ఆ "నువ్వే చెప్పు" అన్న మాట లేకపోతే, ఆ డబ్బాలు ఏ అటకమీదో బూజుపట్టి ఉండేవి. పేటవాళ్ళకి శుభ్రం తెలియదని మనం ఇంకో వ్యాసం రాసుకునేవాళ్ళం.

భాష నేర్చుకోవడమంటే నాకిప్పుడు ఇలా అర్థమవుతోంది. మనం చెప్పదల్చుకున్నది వాళ్ళ మాటల్లో చెప్పడానికి మాత్రమే కాదు. వాళ్ళు మనతో చెప్పేది వినడానికి కూడా. స్పాల్డింగ్ ఆ భాష బాగానే నేర్చుకున్నాడు. కొరడా ఉన్న చెయ్యి దగ్గరలో ఉంటే ఎవరు మాత్రం నోరు విప్పి వద్దంటారు? మనవాళ్ళ ముందు పలకపట్టి కూర్చున్న పాద్రీలకి కాదనడం సులువు. కాదన్నారు కూడా. అయినా బడులు నిలిచాయి, అచ్చు నిలిచింది, రాగాలు కట్టిన పాటలు నిలిచాయి. పుచ్చుకున్నవాడికి కాదనే వీలున్న మేలు కొన్నాళ్ళు బతుకుతుంది.

మనం దేశాలు దాటి మతాలు తీసుకెళ్ళేవాళ్ళం కాదు. పెళ్ళయిన కూతురి సంసారంలోనో, పక్కింటావిడ కష్టంలోనో, పనిమనిషి పిల్లల చదువులోనో వేలు పెట్టేవాళ్ళం. పెట్టొద్దని నేననను. పెట్టేముందు ఒక్క నిమిషం పక్కన కూర్చుని, నీకేం కావాలని అడుగుదాం. అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పడదాం. ఆ జవాబు మనకి నచ్చకపోవచ్చు. వెంటనే అర్థం కాకపోనూవచ్చు. క్రాన్‌కీ, డెస్ గ్రాంజెస్‌కీ ఉన్న అయిదేళ్ళూ దానికే సరిపోయాయి, అ ఆలతో మొదలుపెట్టి.